చెయ్యేటి ఇసుక ఎవరి లెక్కలో ఉంది?

2021 నవంబరు 19, కార్తీక పౌర్ణమి. ఆ తెల్లవారుజామున అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగింది. రాజంపేట మండలం బాదనగడ్డ దగ్గర చెయ్యేటికి అడ్డంగా కట్టిన ప్రాజెక్టు అది. ఎగువన పింఛా ప్రాజెక్టు కట్టకు అప్పటికే గండి పడింది. ఆ నీళ్ళూ, వాన నీళ్ళూ, జలాశయంలో నిలిచిన నీళ్ళూ కలిసి పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట, గుండ్లూరు మీద ఒక్కసారిగా పడ్డాయి. నందలూరు దగ్గర రైలు పట్టాల కింది కట్ట కొట్టుకుపోయింది. ఆర్టీసీ బస్సులు వరదలో చిక్కుకున్నాయి. పండగ పూట గుడిలో దీపాలు పెట్టడానికి వెళ్ళినవాళ్ళు కొందరు ఇంటికి తిరిగి రాలేదు. ఆ వరద ముప్పైమందికి పైగా ప్రాణాలు తీసింది.

వరద తొందరగానే తగ్గిపోయింది. ఇసుక మాత్రం ఉండిపోయింది. మడి గట్లు కనపడకుండా పొలాల మీద మేట వేసింది. కొన్నిచోట్ల అడుగు మందం, కొన్నిచోట్ల అడుగుల కొద్దీ. బోర్లు, మోటార్లు, డ్రిప్పు పైపులు అన్నీ దాని కిందే. నీళ్ళు ఇల్లు కూలిస్తే మళ్ళీ కట్టుకోవచ్చు. పొలం మీద ఏరు తెచ్చి పోసిన ఇసుకను తీయాలంటే పొలం ఖరీదుతో పోటీపడే ఖర్చవుతుంది. ఆ బాధ రైతుకే తెలుసు.

ఆ వరద గురించి క్యూసెక్కుల్లోనూ టీఎంసీల్లోనూ చాలా మాట్లాడుకున్నాం. గేట్ల గురించి మాట్లాడుకున్నాం. ఎంత ఇసుక కదిలింది, అది ఎక్కడిది, ఎక్కడ ఆగింది, దానితోపాటు ఇంకేం వచ్చింది అన్న ప్రశ్నలు మాత్రం చర్చలోకి రాలేదు. ఏటిని నీళ్ళుగా మాత్రమే చూడడం మనకు అలవాటైపోయింది. ఏరంటే నీళ్ళూ మట్టీ కలిసి నడిచేది. ఆ రెండో సగాన్ని లెక్కగట్టే శాస్త్రం ఒకటుంది. దాదాపు వందేళ్ళుగా పెరుగుతూ వచ్చింది. అది ఏం చెప్పగలదో, ఎక్కడ తడబడుతుందో రాయలసీమ వాళ్ళకు తెలియడం చాలా అవసరం.

ముందు నీటి లెక్క కొంచెం చూద్దాం. అన్నమయ్య ప్రాజెక్టు పట్టేది దాదాపు 2.24 టీఎంసీలు. ఆ రోజు వచ్చిన వరద 3.2 లక్షల క్యూసెక్కులని, ప్రాజెక్టును మాత్రం సుమారు 2.17 లక్షల క్యూసెక్కులు వదలగలిగేలా కట్టారని ప్రభుత్వం చెప్పింది. దానికి తోడు అయిదు గేట్లలో ఒకటి పనిచేయలేదు. 3.2 లక్షల క్యూసెక్కులంటే గంటకు 1.15 టీఎంసీ. అంటే పూర్తిగా ఖాళీగా ఉన్న జలాశయం కూడా రెండు గంటలు తిరిగేలోపు నిండిపోతుంది. పెద్ద పరీవాహకానికి చిన్న పాత్ర అది. ఇదే కడప గడ్డ మీద, పోరుమామిళ్ళ చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఒకటుంది. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను అది వరసగా చెబుతుంది. చోటు తక్కువై నీళ్ళు ఎక్కువ కావడం ఆ ఆరు దోషాల్లో ఒకటి. చెరువు నడుమ నేల తాబేటి వీపులా ఉబ్బి ఉండడం మరొకటి. విజయనగర రాజుల కాలపు చెరువు నిపుణులు పాత్ర ఎంత, వచ్చేదెంత, అడుగు ఎలా ఉంది అని మూడూ కలిపి చూశారన్నమాట.

రేణువు ఎప్పుడు కదులుతుంది?

బాహుదా, పింఛా, మాండవి లాంటి ఏర్లు మదనపల్లె, రాయచోటి వైపు నుంచి నీళ్ళు తెచ్చి చెయ్యేటిలో కలుపుతాయి. ఆ పడమటి భాగమంతా గ్రానైటు నేల. ఎండకు, వానకు గ్రానైటు చివికి పొడి అయితే ముతక గరుసు, ఇసుక, కొద్దిగా బంకమన్ను వస్తాయి. ఆ తర్వాత ఏరు పాలకొండల గట్టి రాతిని చీల్చుకుని తూర్పుకు దిగుతుంది. కొండలు దాటగానే రాజంపేట, నందలూరు మైదానం. ఇరుకులో ఉరికిన నీరు వెడల్పు చోటికి రాగానే వేగం తగ్గి, మోస్తున్నది కింద పెడుతుంది. రాజంపేట పొలాల మంచి ఒండ్రు నేలా, 2021లో వాటి మీద పడ్డ ఇసుకా రెండూ ఈ ఒక్క కారణంతో వచ్చినవే.

నీళ్ళు ఇసుక రేణువును ఎప్పుడు కదిలిస్తాయన్న ప్రశ్నకు మొదటి గట్టి జవాబు 1936లో బెర్లిన్‌లో వచ్చింది. ఆల్బర్ట్ షీల్డ్స్ అనే అమెరికా యువకుడు అక్కడికి పరిశోధనకు వెళ్ళి, ప్రవాహం అడుగును ఈడ్చే బలానికీ, రేణువును కిందికి పట్టి ఉంచే బరువుకూ మధ్య నిష్పత్తిని కొలిచాడు. ఆ నిష్పత్తి ఒక హద్దు దాటితే రేణువు లేస్తుంది. ప్రపంచమంతటా నదీ ఇంజినీర్లు ఈ రోజుకీ ఆ గీత మీదే లెక్కలు మొదలుపెడతారు. ఆయన మాత్రం స్వదేశానికి వెళ్ళాక ఈ రంగంలో ఉద్యోగం దొరక్క, అట్టపెట్టెలు తయారుచేసే యంత్రాల పనిలో జీవితం గడిపాడు.

ఆ లెక్కను ఒక ఏటికి వేసి చూద్దాం. ఏటి వాలు కిలోమీటరుకు ఒక మీటరు అనుకుందాం. నీళ్ళు మూడు మీటర్ల లోతున పారితే అడుగు మీద ప్రతి చదరపు మీటరునూ దాదాపు 29 న్యూటన్ల బలంతో, అంటే మూడు కిలోల బరువంత బలంతో ఈడుస్తాయి. ఒక మిల్లీమీటరు ఇసుక రేణువు కదలడానికి కావలసింది 0.6 న్యూటన్ల లోపే. అంటే అవసరమైనదానికి యాభై రెట్లు. ఆ ప్రవాహం నాలుగు సెంటీమీటర్ల గులకరాయిని కూడా దొర్లించుకుపోగలదు. ఇదే లెక్క తిరగేస్తే, చీలమండ మునగని ఆరు సెంటీమీటర్ల నీళ్ళు చాలు, ఇసుక కదలడం మొదలవుతుంది. ఏట్లో నీళ్ళు పారినంతసేపూ దాని అడుగు కూడా నడుస్తూనే ఉంటుంది.

కదిలిన రేణువులన్నీ ఒకే రకంగా నడవవు. గరుసు దొర్లుతుంది, ముతక ఇసుక గెంతుతూ పోతుంది, సన్న ఇసుక నీటిలో తేలుతూ మునుగుతూ పోతుంది, బంకమన్ను మాత్రం నీళ్ళతోపాటే పోతుంది. వరద రోజున ఏటినీళ్ళు ఒక గాజుసీసాలో పట్టి కిటికీలో పెడితే ఇదంతా కనపడుతుంది. సీసాను కుదిపి పెట్టగానే ఇసుక అడుగుకు చేరుతుంది. కాసేపటికి దాని మీద బూడిదరంగు సన్న పొర ఒకటి ఏర్పడుతుంది. మర్నాడు చూసినా పైనున్న నీళ్ళు ఎర్రగానే ఉంటాయి. ఎందుకంటే రేణువు పడే వేగం దాని వ్యాసం వర్గాన్ని బట్టి మారుతుందని జార్జ్ స్టోక్స్ 1851లోనే చూపించాడు. సన్నటి రేణువులకు వర్తించే సూత్రం ఇది. పది మీటర్ల లోతున్న జలాశయంలో ఒక మిల్లీమీటరు ఇసుక ఒకటిన్నర నిమిషంలోపు అడుగుకు చేరుతుంది. దానిలో నూరో వంతున్న సన్నమట్టికి ఒక రోజు పైనే, ముప్పై గంటలు పడుతుంది. రెండు మైక్రాన్ల బంకమన్నుకు నెల పడుతుంది. అది కూడా గాలి అలలు కదిలించకుండా ఉంటేనే.

ఈ తేడా గుర్తుంటే మేట వేసిన పొలాన్ని చదవవచ్చు. ఇసుక మేటలో నిలువుగా గుంట తవ్వితే పొరలు కనపడతాయి. అడుగున గరుసు, ముతక ఇసుక ఉంటే అది వరద ఉధృతంగా ఉన్నప్పటిది. దాని మీద సన్న ఇసుక, ఆ పైన ఎండి నెర్రెలిచ్చిన పలుచటి బంకమన్ను పెచ్చు ఉంటే నీళ్ళు తీసి, నిలిచి, ఇంకిపోయినప్పటిది. అలాంటి వరస రెండుసార్లు కనపడితే వరద రెండు దఫాలుగా వచ్చినట్టు. ప్రతి పొలంలో ఇలాంటి గుంట ఒకటి తవ్వి, పొరల మందం కొలిచి, ఫోటో తీసి ఉంచుకుంటే చాలు. ఏ కొలత పరికరమూ బతికి బయటపడని వరదకు ఆ గుంటే సాక్ష్యం.

కంప్యూటరులో ఏరు

ఇక నమూనా అంటే ఏమిటో చూద్దాం. ఏటిని అడ్డంగా ముక్కలు ముక్కలుగా ఊహించుకోవాలి, వంద రెండు వందల మీటర్లకు ఒకటి చొప్పున. ప్రతిచోటా ఒడ్డు నుంచి ఒడ్డుకు అడుగు ఎత్తు కొలవాలి. పై ముక్కలోకి ఎన్ని నీళ్ళు వస్తున్నాయో చెబితే, ఆ ముక్కలో లోతెంతో వేగమెంతో కంప్యూటరు లెక్కగడుతుంది. దానికి వాడే సమీకరణాలు ఫ్రాన్సులో సాన్ వెనాన్ 1871లో రాసినవి. లోతూ వేగమూ తెలిస్తే ఈడ్పు బలం తెలుస్తుంది. బలం తెలిస్తే ఏ సైజు ఇసుక ఎంత కదులుతుందో తెలుస్తుంది. ఆ తర్వాతిది షావుకారు రాసే జమాఖర్చు లాంటిది: ముక్కలోకి వచ్చిన ఇసుక ఎక్కువై, పోయింది తక్కువైతే అడుగు లేస్తుంది. పోయిందే ఎక్కువైతే అడుగు కోసుకుపోతుంది. ఈ చిన్న సత్యాన్ని గణితంలో పెట్టినవాడు వియన్నాకు చెందిన ఫీలిక్స్ ఎక్స్‌నర్, 1925లో. అడుగు మారగానే లోతూ వేగమూ మారతాయి కాబట్టి మళ్ళీ మొదటి నుంచి లెక్క. ఒక వరదకు ఇలా వేల సార్లు. అమెరికా సైనిక ఇంజినీర్లు తయారుచేసిన హెచ్‌ఈసీ-రాస్ అనే ప్రోగ్రాము ఈ పని చేస్తుంది. అది ఉచితం. మామూలు ల్యాప్‌టాపు మీద నడుస్తుంది.

అసలు చిక్కు ఎంత ఇసుక కదులుతుందన్న సూత్రం దగ్గర వస్తుంది. 1948లో స్విట్జర్లండులో మేయర్-పీటర్, ముల్లర్ ఒక సూత్రం ఇచ్చారు. అక్కడే చదువుకున్న హాన్స్ ఆల్బర్ట్ ఐన్‌స్టైన్, అందరికీ తెలిసిన ఐన్‌స్టైన్ కొడుకు, రేణువు కదలికను సంభావ్యత లెక్కలతో పట్టుకోవాలని చూసి 1950లో మరొకటి ఇచ్చాడు. తర్వాత ఎన్నో వచ్చాయి. ఏ సూత్రం వాడినా, అంచనా అసలు విలువకు సగం నుంచి రెండింతల మధ్య వస్తే మంచిదేనని ఈ రంగంలో ఒప్పుకుంటారు. వంతెన కట్టే ఇంజినీరు ఇంత తేడాను సహించడు. ఇక్కడ సహించక తప్పదు. కారణం ఏమిటంటే, ఇసుక మోత ప్రవాహ వేగం మూడో ఘాతం నుంచి అయిదో ఘాతం దాకా పోతుంది. వేగం రెండింతలైతే మోత ఎనిమిది రెట్లు కావచ్చు, ముప్పైరెండు రెట్లూ కావచ్చు. వేగం కొలతలో చిన్న పొరపాటు ఇసుక లెక్కలో పెద్ద పొరపాటవుతుంది.

రాయలసీమ ఏర్ల విషయంలో ఇంకో చిక్కుంది. ఈ సూత్రాలు ఎక్కువగా ప్రయోగశాల తొట్లలోనూ, ఏడాది పొడుగునా పారే చల్లని దేశాల నదుల్లోనూ పుట్టాయి. చెయ్యేరు, పాపఘ్ని, చిత్రావతి లాంటివి ఏడాదిలో చాలా రోజులు ఎండి, కొన్ని రోజులు పొంగే ఏర్లు. ఇజ్రాయెల్‌లోని నెగెవ్ ఎడారిలో ఇలాంటి వాగునే కొలిచి జొనాథన్ లారోన్, ఇయాన్ రీడ్ 1993లో నేచర్ పత్రికలో రాశారు. ఎప్పుడూ పారే నదితో పోలిస్తే ముతక ఇసుకను, గులకరాళ్ళను మోయడంలో ఎండువాగు వందల రెట్లు సమర్థంగా ఉందని వాళ్ళు తేల్చారు. ఎప్పుడూ పారే నదిలో సన్న ఇసుక మెల్లగా కొట్టుకుపోయి, పైన రాళ్ళ పొర ఒకటి మిగిలి, కిందున్న ఇసుకకు కవచంలా నిలుస్తుంది. ఎండువాగుకు అలాంటి కవచం ఏర్పడే తీరిక ఉండదు. వరద రాగానే అడుగంతా వదులుగా సిద్ధంగా ఉంటుంది. కాబట్టి ఐరోపా సూత్రాన్ని తెచ్చి చెయ్యేటికి యథాతథంగా అతికించి, వచ్చిన అంకెను నమ్మితే మోసపోతాం. ఇక్కడి వరదలో ఇక్కడి ఏట్లో కొలిచిన కొలతలతో సూత్రాన్ని సరిచేసుకోవాలి. మన ఏర్లలో ఏడాది ఇసుకంతా ఆ నాలుగైదు వరద రోజుల్లోనే నడుస్తుంది కాబట్టి, ఆ రోజుల్లో కొలవకపోతే ఏడాదంతా కొలిచినా వృథా.

పూడిక ఎక్కడ చేరుతుంది?

మనవైపు పెద్ద జలాశయాల పూడిక కథ అందరూ కొంత విన్నదే. తుంగభద్ర డ్యాము కట్టినప్పుడు, 1953 ప్రాంతంలో, దానిలో సుమారు 133 టీఎంసీలు పట్టేవి. 2008 సర్వేలో 100.86 తేలింది. 2016 సర్వేలో 105.79 వచ్చింది. ఎనిమిదేళ్ళలో పూడిక తగ్గిందని కాదు దాని అర్థం. కొలిచే పద్ధతిలో అంత తేడా ఉందని. రాష్ట్రాలు నీళ్ళ వాటాలు పంచుకునే చోట ఒక్క సర్వే తేడా అయిదు టీఎంసీలు. అన్నమయ్య లాంటి ప్రాజెక్టులు రెండింటిలో పట్టేంత నీళ్ళవి. శ్రీశైలం 308 టీఎంసీలతో మొదలై, ఇప్పుడు లెక్కల్లో 215.81 దగ్గర ఉంది. కేసీ కాలువ నుంచి తెలుగుగంగ దాకా కర్నూలు, కడప ఆయకట్టు బతుకు ఈ రెండు అంకెల మీద ఆధారపడి ఉంది.

తుంగభద్రలో చేరిన మట్టిని దాని 28 వేల చదరపు కిలోమీటర్ల పరీవాహకం మీద పరిస్తే ఏటా 0.4 మిల్లీమీటర్ల పైచిలుకు మందం వస్తుంది. చూడ్డానికి ఏమీ కాదు. కానీ పోయేది పైపొర, పంటకు బలమిచ్చే మట్టి. ఆ రకంగా జలాశయం పూడిక లెక్కంటే ఎగువ రైతు నష్టం లెక్క కూడా.

పూడిక గురించి మామూలుగా ఉండే ఒక అపోహను ఇక్కడ తీసేయాలి. మట్టి అంతా డ్యాము అడుగున, తూము కంటే కింద, ఎలాగూ వాడుకోని నీటి చోటులో చేరుతుందని చాలామంది అనుకుంటారు. పాత డిజైన్లు కూడా అలాగే అనుకున్నాయి. నిజంగా జరిగేది వేరు. ఏరు జలాశయంలోకి అడుగు పెట్టగానే వేగం చచ్చి, ఇసుకంతా అక్కడే, ఎగువ కొసన దించుతుంది. అక్కడ తెప్పలా ఒక ఇసుక దిబ్బ ఏర్పడి, ఏటేటా డ్యాము వైపు నడుస్తుంది. అది ఆక్రమించేది మనం పంటకు వాడుకునే నీటి చోటును. డ్యాము దగ్గరికి వచ్చేది బంకమన్ను మాత్రమే. నీటిమట్టం తగ్గినప్పుడు ఆ దిబ్బే మళ్ళీ కోసుకుపోయి కిందికి జారుతుంది. ఏ నెలలో మట్టం ఎంత ఉంచారన్నదాన్ని బట్టి పూడిక చోటు మారుతుంది కాబట్టి, నమూనాకు వర్షపు లెక్క ఒక్కటే చాలదు. గేట్లు ఎప్పుడెప్పుడు ఎత్తారో రాసిన రిజిస్టరు కూడా కావాలి.

చిన్న జలాశయానికి పూడిక పట్టదన్నది మరో అపోహ. అమెరికాలో గన్నర్ బ్రూన్ అనేక జలాశయాల కొలతలు కలిపి 1953లో ఒక గీత గీశాడు. ఏడాదికి వచ్చే నీటిలో పదో వంతు మాత్రమే పట్టే జలాశయం కూడా వచ్చిన మట్టిలో 80 శాతానికి పైగా పట్టేసుకుంటుందని ఆ గీత చెబుతుంది. ఇంకా చిన్నదైతే బంకమన్నును వదిలేసి ఇసుకను మాత్రం పట్టుకుంటుంది. పింఛా, అన్నమయ్య ఇలాంటివే. పెద్ద డ్యాములకు అప్పుడప్పుడూ సర్వేలు చేస్తారు. చిన్న ప్రాజెక్టులకు కట్టినప్పటి సామర్థ్యం అంకే కాగితాల్లో ఏళ్ళ తరబడి నడుస్తుంది. గేటు ఆపరేటరు చేతిలో ఉండే లెవెల్ పట్టిక తప్పయితే, ఇంకా అర టీఎంసీ చోటు ఉందనుకున్న చోట అది ఉండదు. వరద రాత్రి ఆ తేడా ప్రాణాల తేడా.

చైనాలో పసుపు నది మీద 1960లో సాన్‌మెన్‌షియా డ్యాము కట్టినప్పుడు రెండేళ్ళలోనే పూడిక ముంచుకొచ్చింది. పునాదుల దగ్గర కొత్త మార్గాలు తొలిచి, వరద కాలంలో మట్టినీళ్ళను ఆపకుండా వదిలేసి, తేటనీళ్ళనే నిలవ చేసే పద్ధతికి మారాక గానీ అది నిలబడలేదు. మన కొత్త ప్రాజెక్టుల్లో కూడా అడుగు స్లూయిజులకు చోటు పెట్టాలన్నది అందులో ఉన్న పాఠం.

ఇసుక తక్కువైనా చేటే. పైన డ్యాము ఇసుకను ఆపేస్తే కింద తేటనీళ్ళు ఆకలి మీద ఉంటాయి, అడుగునూ ఒడ్డునూ తింటాయి. దాని మీద లారీలతో ఇసుక తవ్వకం తోడైతే ఏటి మట్టం దిగిపోతుంది. చెయ్యేటి లాంటి ఎండు ఏట్లో ఇసుకే అసలైన జలాశయం. ఒక మీటరు మందాన ఒక హెక్టారు ఇసుక దాదాపు 25 లక్షల లీటర్లు తోడుకోదగ్గ నీళ్ళు పట్టి ఉంచుతుంది. మీటరు లోతు దాటితే ఎండకు ఆవిరయ్యేది దాదాపు ఏమీ ఉండదు. ఏట్లో ఊటకాలువలు తవ్వి పొలాలకు నీళ్ళు తెచ్చుకున్న పెద్దలకు ఈ సంగతి బాగా తెలుసు. పొలం మీద పడ్డ ఇసుకను తీసి ఏట్లో వేయాలా, అమ్ముకోవాలా అన్న ప్రశ్నకు జవాబు కూడా ఈ లెక్కలోనే ఉంది. ఏటికి ఎంత కావాలో తెలిస్తే ఎంత తీయవచ్చో తెలుస్తుంది.

మట్టి మోసుకొచ్చేది

కాలుష్యం అనగానే సీసాలో నీళ్ళు పట్టి పరీక్షకు పంపుతాం. చాలా విషాలు ఆ నీళ్ళలో కరిగి ఉండవు. మట్టిని అంటిపెట్టుకుని ఉంటాయి. కారణం రేణువు సైజులో ఉంది. ఒక మిల్లీమీటరు ఇసుక ఒక గ్రాము తీసుకుంటే దాని రేణువులన్నిటి ఉపరితలం 23 చదరపు సెంటీమీటర్లు, ఒక తపాలా కార్డులో నాలుగో వంతు కూడా కాదు. అదే గ్రాము రెండు మైక్రాన్ల గుండ్రటి రేణువులైతే ఒక చదరపు మీటరు దాటుతుంది. నిజమైన బంకమన్ను రేకులు రేకులుగా ఉంటుంది కాబట్టి ఇంకా ఎన్నో రెట్లు. ఆ ఉపరితలం మీద సీసం, కాడ్మియం లాంటి లోహాలు, పాత పురుగుమందుల అవశేషాలు, ఎరువుల ఫాస్ఫరస్ పట్టుకుంటాయి. కాబట్టి కాలుష్యం ఎటు పోతుందన్న నమూనా మొదట బంకమన్ను ఎటు పోతుందన్న నమూనాయే.

పైన చెప్పిన నెల రోజుల లెక్కను ఇప్పుడు దీనికి కలిపి చూడాలి. ఇసుక రాజంపేట దగ్గరే ఆగిపోతుంది. బంకమన్ను ఆగదు, పెన్నలో కలిసి సోమశిలకు చేరుతుంది. సోమశిల నుంచి కండలేరుకు, అక్కడి నుంచి తెలుగుగంగ కాలువలో చెన్నై తాగునీటికి ఆ దారి పోతుంది. రాయచోటి పొలంలో చల్లిన ఎరువుకూ, చెన్నైలో కుళాయికీ మధ్య ఉన్న వరస ఇది.

జలాశయం అడుగుకు చేరిన మట్టి అక్కడ నిద్రపోతుందనుకోవడానికీ లేదు. వేసవిలో పైనీళ్ళు వెచ్చబడి, కిందినీళ్ళు చల్లగా విడిగా ఉండిపోతే, అడుగున ఆక్సిజన్ అయిపోతుంది. అప్పటిదాకా ఫాస్ఫరస్‌ను పట్టి ఉంచిన ఇనుము రూపం మారి దాన్ని వదిలేస్తుంది. ఇంగ్లండు సరస్సుల్లో క్లిఫర్డ్ మార్టిమర్ 1941లోనే ఈ సంగతి చూపించాడు. పైనుంచి కొత్తగా ఏ కాలుష్యం రాకపోయినా పాత మట్టిలోంచే ఎరువు పైకి తేలి, నీళ్ళు పచ్చగా నాచు పట్టేది అందుకే. ఆంధ్రప్రదేశ్‌లో కాలుష్యం ఉన్న నదీ భాగాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2018లో చూపించినవి అయిదు. అందులో రెండు మనవే: తుంగభద్ర, కుందూ. నంద్యాల మురుగు కుందూలో, కర్నూలు మురుగు హంద్రీ మీదుగా తుంగభద్రలో కలుస్తాయి. మురుగు శుద్ధి కేంద్రం కట్టినా అడుగు మట్టిలో నిలవున్న పాత బాకీ తీరడానికి ఏళ్ళు పడుతుంది. ఎన్నేళ్ళన్నది నమూనా చెప్పగలదు, అడుగు మట్టిని కూడా పరీక్షిస్తేనే.

మట్టి దారిని కనిపెట్టడానికి రాజంపేట పక్కనే ప్రకృతి ఇచ్చిన ఒక సౌకర్యం ఉంది. ఓబులవారిపల్లె మండలం మంగంపేటలో ప్రపంచంలోనే పెద్ద ముగ్గురాయి నిక్షేపం ఉంది. ముగ్గురాయి, అంటే బైరైటీస్, మామూలు ఇసుక కంటే చాలా బరువు. ఇసుక సాంద్రత 2.65, దీనిది 4.5. అదే సైజు సన్న రేణువు ఇసుక కంటే రెండింతల వేగంతో మునుగుతుంది. ఇది నీళ్ళలో దాదాపు కరగదు కాబట్టి దానంతటది పెద్ద విషం కాదు. అయితే గనుల దుమ్ము వాగుల్లో చేరితే, ఆ బరువైన రేణువులు మట్టి ఏ దారిన వెళ్ళిందో చెప్పే ఆనవాళ్ళవుతాయి. ఏటి అడుగున మట్టి తీసి బేరియం కొలిస్తే మట్టి నడిచిన దారి బయటపడుతుంది. భూగర్భ శాస్త్రం చదివే విద్యార్థికి ఇంతకంటే మంచి ప్రాజెక్టు పని దొరకదు.

చెయ్యేటికి ఇలాంటి నమూనా తయారుచేయడానికి కావలసినవి మరీ పెద్ద ఖర్చులు కావు. అక్టోబరులో ఒకసారి, జనవరిలో ఒకసారి బాదనగడ్డ నుంచి పెన్న సంగమం దాకా ఏటి అడ్డకోతలు కొలవాలి. ఈ రోజుల్లో ఎండిన ఏటిని డ్రోనుతో కొన్ని రోజుల్లో కొలవవచ్చు. వరద రోజుల్లో వంతెనల మీద నుంచి తాడుకు కట్టిన సీసాతో గంట గంటకూ నీళ్ళు పట్టి, ఆరబెట్టి మట్టిని తూచాలి. రాజంపేటలో ఇంజినీరింగ్ కళాశాలలున్నాయి, సివిల్ విద్యార్థులున్నారు. ప్రోగ్రాము ఉచితం. లేనిది ఆ కొలతల వరస ఒక్కటే. మూడు నాలుగు వరదలు కొలిచినా చాలు, చెయ్యేటికి దాని సొంత సూత్రం ఒకటి ఏర్పడుతుంది.

అన్నమయ్య ప్రాజెక్టును మళ్ళీ కట్టే మాట ఎప్పుడు వచ్చినా, రాజంపేట, నందలూరు రైతులు అధికారులను మూడు ప్రశ్నలు అడగాలి. ఏడాదికి ఎంత మట్టి వస్తుందని లెక్కగట్టారు? అది ఏ కొలతల మీద గట్టారు? పూడిక పట్టికను ఎన్నేళ్ళకొకసారి కొత్తగా వేసి ప్రజల ముందు పెడతారు? ఈ మూడింటికీ కాగితం మీద జవాబు చూశాకే డిజైనుకు ఒప్పుకోవాలి.